మంచం కింద మొక్కుకోడి

నాకు నోరెక్కువని మా అత్తమ్మ మేముండే చాల్‌లో గదిగదికీ చెప్పుకుంటుంది. నిజమే. పదో తరగతి పిల్లలకు జీవశాస్త్రం చెప్పి చెప్పి గొంతు అలా తయారైంది, ఇంటికొచ్చినా తగ్గదు. ఆ రోజు బడి నుంచి వచ్చి తలుపు తీశాను. ఫ్లూ జ్వరంతో పడుకున్న ఆరేళ్ల నా కూతురి మంచం కాలికి ఒక కోడిని కట్టేసి ఉంచారు.

అత్తమ్మ దాన్ని ఫోరస్ రోడ్డులో కోళ్ల దుకాణం నుంచి తెచ్చింది. పిల్ల తల చుట్టూ తిప్పి, జ్వరం దిగితే ఆషాఢంలో బోనాలప్పుడు పోచమ్మకు కోస్తానని మొక్కింది. అప్పటిదాకా మొక్కుకోడి జబ్బుపడ్డ మనిషి దగ్గరే ఉండాలట, పాలమూరు నుంచి వచ్చిన తాతల నాటి పద్ధతట. కామాఠీపురలో మా గది ఎంతని! కాళ్లు చాపితే గోడ తగులుతుంది. మా ఆయన పుణే వైపు సైటు పనికి పోయాడు కాబట్టి ఆ మాత్రం చోటైనా మిగిలింది. "కంపు కొడుతదత్తమ్మా" అని సణిగి ఊరుకున్నాను.

మర్నాడు బడి నుంచి వస్తుంటే ఆ దుకాణానికి షట్టర్ దించి ఉంది. మునిసిపాలిటీ వాళ్లు మాస్కులు, గ్లౌజులు వేసుకుని కోళ్లను సంచుల్లో కుక్కుతున్నారు. కోళ్లకు ఫ్లూ వచ్చిందట. ఇళ్లకు కొనుక్కుపోయినవి కూడా తెచ్చివ్వమని మైకులో అరుస్తున్నారు. మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. కోడి మెడ వాల్చేసి మంచం కింద ముడుచుకుని ఉంది. పైన నా కూతురు దగ్గుతోంది.

ఆ వారమే బడిలో అనువంశికత పాఠం చెప్పాను. అమ్మానాన్నల జన్యువులు బిడ్డకు ఉన్నవి ఉన్నట్టు రావు, ముక్కలు మార్చుకుని కొత్తగా కలిసి వస్తాయి, అందుకే ఒక కడుపున పుట్టినవాళ్లు కూడా ఒక్కలా ఉండరు అని. వరిలోనైనా, చేపల్లోనైనా ఇంతే. అన్నీ ఒకేలా ఉంటే ఒక్క రోగం మొత్తాన్ని ఊడ్చుకుపోతుంది, ఈ కలబోతే కాపాడుతోంది అని ఎంత హుషారుగా చెప్పాను! నా కూతురినే ఉదాహరణగా చెబుతాను: నుదురు అత్తమ్మది, వంకర చిటికెనవేలు మా అమ్మది. వైరస్‌లకూ ఈ కలబోత తెలుసని చివర్లో రెండు ముక్కలు చెప్పానో లేదో, గంట కొట్టారు. మనుషుల ఫ్లూ, కోళ్ల ఫ్లూ రెండూ ఒకే ఒంట్లో, ఒకే కణంలో దూరితే వాటి ముక్కలు తారుమారై, ఎవరి ఒళ్లూ ఎన్నడూ ఎరగని కొత్తది పుట్టవచ్చు. ఆ ఒళ్లు నా కూతురిదైతే?

"అత్తమ్మా, కోడిని వాళ్లకిచ్చేద్దాం" అన్నాను.

"మొక్కిన కోడినా? పాగల్ అయినవా ఏంది? తల్లి ఊకుంటదా? పిల్లను గుంజుకపోతది!"

"పిల్ల ఒంట్ల ఒక రోగముంది. కోడి ఒంట్ల ఇంకోటుంది. రెండూ పిల్ల ఒంట్లనే కలిస్తే..."

"కలిస్తే ఏమైతది?"

"ఏం పుడతదో నాకే తెల్వదత్తమ్మా."

ఆమె నా ముఖంలోకి చూసింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఏ మాటకైనా ఠపీమని జవాబు చెప్పే కోడల్ని నేను. "నీకే తెల్వదా?" అంది. కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని, కోడిని సంచిలో వేసుకుని తానే కిందికి దిగింది.

తిరిగొచ్చి నల్లా దగ్గర తలస్నానం చేసింది గానీ లోపలికి రాలేదు. "తెచ్చింది నేను, కాళ్లు గట్టింది నేను. అంటుకుంటే నాకే అంటుకోని. దర్వాజా బంద్ జెయ్ బిడ్డా" అంది. ఎంత బతిమాలినా వినలేదు. గదుల ముందున్న గ్యాలరీ చివర చీర అడ్డం కట్టుకుని పడక వేసుకుంది. తెల్లారేసరికి ఆమె ఒళ్లు కాలిపోతోంది.

డాక్టరు ఇద్దరి ముక్కుల్లోంచీ నమూనాలు తీసి పరీక్షకు పంపాడు. రిపోర్టు వచ్చేదాకా నేను మనిషిని కాను. గ్యాలరీలో దగ్గు వినిపిస్తే గుండె జారేది. వినిపించకపోతే ఇంకా జారేది. ఈలోగా పిల్ల తేరుకుని అన్నం అడిగింది, "ఆజీ ఏదీ?" అంటూ తలుపు బాదడం మొదలుపెట్టింది. మా పిల్లకు నాయనమ్మ అన్న మాట రాదు, ఆజీయే. మరాఠీ బడి మహిమ.

రిపోర్టు వచ్చింది. ఇద్దరిదీ మనుషుల ఫ్లూయే, కోడి రోగం ఎవరికీ అంటలేదు. అత్తమ్మకు సోకింది మనవరాలి జ్వరమే, అది కూడా అప్పటికి దిగిపోయింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి నాకు. పరుగెత్తుకెళ్లి చీర పక్కకు లాగేశాను. "కలవలేదత్తమ్మా! ఏం కలవలేదు! పిల్లా బతికింది, నువ్వూ బతికినవ్!"

ఆమె ముఖం పాలిపోయింది.

"నేనూ బతికిన్నా?" అంది. "కోడినిచ్చేటప్పుడు తల్లికి మాటిచ్చిన బిడ్డా. కోడికి బదులు నన్ను తీస్కో, పిల్లను ఇడిసిపెట్టు అన్న. నన్ను తీస్కోకపాయె. మొక్కింది ఈ చేతులే, మొక్కు దప్పింది ఈ చేతులే. ఇగ వీటితోని ఎవరిని ముట్టుకుంటే వాళ్లను అడుగుతదో..."

నా వెనకాల నుంచి పిల్ల "ఆజీ!" అని దూసుకొచ్చింది. అత్తమ్మ రెండు చేతులూ వీపు వెనక్కి దాచుకుని గోడకు ఆనుకుపోయింది. పిల్ల ఆమె మోకాళ్లను వాటేసుకుని నవ్వుతోంది. ఆమె దాని తల మీద చెయ్యి వేయలేదు.