వలయం పడని పళ్లెం

అశ్వారావుపేట దగ్గర కొబ్బరినీళ్లు సీసాల్లో నింపే చిన్న ఫ్యాక్టరీలో నేను కెమిస్టుగా పనిచేసేదాన్ని. నీళ్లు పాడవకుండా వాటిలో నైసిన్ అనే పొడి కలిపేవాళ్లం. ఒక రకం సూక్ష్మజీవి తయారుచేసే ప్రోటీను అది. వేరే కొన్ని జాతుల సూక్ష్మజీవుల్ని చంపుతుంది. దాని బలం తెలియాలంటే, గాజు పళ్లెంలో జెల్లీ మీద సూక్ష్మజీవుల్ని పెంచి, జెల్లీలో చిన్న గుంట చేసి నైసిన్ పోయాలి. మర్నాటికి గుంట చుట్టూ అవి చచ్చినంత మేరా తేటగా వలయం పడుతుంది. వలయం ఎంత వెడల్పుంటే మందుకు అంత బలం.

ఆ ఎండాకాలం కొత్తగూడెం దుకాణం నుంచి మూత ఉబ్బిన సీసా ఒకటి తిరిగొచ్చింది. పొడి బలం తగ్గిందేమో అనుకున్నాను. పరీక్షిస్తే వలయం ఎప్పటిలాగే పడింది. దాంతో ఆ సీసాలో పెరిగినదాన్నే పళ్లెంలో పెంచి, గుంటలో నైసిన్ పోశాను. మైక్రోస్కోపులో చూస్తే నైసిన్‌కు చావాల్సిన జాతిలాగే ఉంది. మర్నాడు పళ్లెం తీస్తే గుంట అంచుదాకా తెల్లగా కమ్ముకుని ఉంది. వలయమే లేదు.

మా సూపర్‌వైజర్ పళ్లేన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"డోసు డబుల్ చేద్దామా అమ్మా?"

"చేసి చూసిన సార్. అయినా సస్తలేవు."

ఆయన పళ్లెం మెల్లగా కింద పెట్టి చేతులు కడుక్కున్నాడు. కాసేపాగి మళ్లీ కడుక్కున్నాడు.

లైను ఆపేశాం. మిషను విప్పితే నీళ్లు నింపే గొట్టం దగ్గర రబ్బరు వాషరు పగుల్లో సూక్ష్మజీవులు కట్టిన జిగురు కనిపించింది. మిషను కడిగే అక్క దాన్ని చూసి వెనక్కి జరిగింది.

"రోజూ కడుగుతనే ఉన్నం గదా! గిది ఎట్ల బతికింది?"

వాషర్లన్నీ మార్చాం. దుకాణాల నుంచి సరుకు వెనక్కి తెప్పించాం. అమ్ముడుపోయినవి మాత్రం రాలేదు.

తర్వాత ఒకరోజు భద్రాచలం బస్సులో నా పక్క సీటాయన సంచిలోంచి మా సీసా తీశాడు. మూత ఉబ్బి ఉంది. చెయ్యి పట్టి ఆపి, ఎందుకు తాగొద్దో చెప్పాను.

ఆయన మూత మీద వేలు పెట్టి నొక్కి చూశాడు. "పొద్దుగాల నా బిడ్డకు ఇసొంటిదే తాపిన గదమ్మా."

జల్దీ దవాఖానాలో చూపించమని చెప్పి, ఆయన ఫోన్ నంబరు తీసుకున్నాను. సాయంత్రం చేస్తే, డాక్టరు ఏం లేదన్నాడనీ, పిల్ల ఆడుకుంటోందనీ చెప్పాడు. మర్నాడు చేశాను. ఆ మర్నాడూ చేశాను.

"నా బిడ్డకేం గాలేదమ్మా. మరి మీరేంది, ఇంకా గిట్ల అడుగుతున్నరు? మాకు చెప్పనిదేమన్న ఉన్నదా?"

"లేదన్నా," అన్నాను. నాకు తెలిసినంతవరకు అది నిజమే.

ఆయన ఫోన్ పెట్టేయలేదు.