దిష్టి తగిలిన బోల్టు

ఇనుప బోల్టుకు దిష్టి తగులుతుందా, మీరే చెప్పండి?

నిరుడు కంబదూరులో వాన తప్పి మా బావ వేరుశనగ ఎండిపోతుంటే, బావి నీళ్లు తోడే తాతల నాటి డీజిల్ ఇంజనే దిక్కయింది. హెడ్డు బోల్టు మళ్లీ తుప్పుపట్టి బిగుసుకోకుండా మరలకు జిడ్డు పేస్టు పూసి, బావ దాన్ని బిగించడానికి ఎప్పటిలాగే స్పానరుకు పైపు తొడిగి లాగాడు. బోల్టు తెగి, పైపు నా చెవి పక్కనుంచి పోయింది.

“నిమ్మకాయ కట్టనీకపోతివి. దిష్టి తగిలినాది గదప్పా” అన్నాడు బావ.

“పేస్టు పూస్తే మర సులువుగా తిరుగుతాది బావా. పాత బలమే పెడితే బోల్టు సాగి తెగుతాది.”

కొత్త బోల్టుకు పేస్టు పూసి, తిప్పే బలాన్ని కొలిచే టార్క్ రెంచితో, బలం తగ్గించి బిగించాను. నీళ్లు పారాయి. ఈలోగా బావ నాకు తెలీకుండా ఇంజనుకు కట్టిన నిమ్మకాయను విప్పి, అతనికే షర్బత్ చేసిచ్చాను.

సగం తాగి, “యాడిదప్పా నిమ్మకాయ?” అన్నాడు. చెప్పాను. భయంగా ఇంజను వైపు చూశాడు. అది ఆగలేదు. మిగతాదీ తాగాడు.

మీ ఇంజనుకు వేలాడే నిమ్మకాయనూ ఈరోజే విప్పి, పిండుకుని తాగండి.