పెళ్ళికూతురి పెట్టెలో పోతు మొక్క

అయ్యాషి ముక్కు గురించి ఐన్ జర్ఫ్ ఊళ్ళో రెండు కథలున్నాయి. ఊరు చెప్పే కథ చిన్నది: ఆ ముక్కు కొంచెం పెద్దది. అయ్యాషి చెప్పేది వేరు. తను పుట్టినప్పుడు మంత్రసాని బొడ్డు కోసేలోపే ఆ ముక్కు ఒక్కసారి గాలి పీల్చి, పై మడిలో గంజాయి కోతకొచ్చిందని తుమ్మి మరీ చెప్పిందట. అతను పుట్టింది నడి చలికాలంలో, తిదిఘిన్ కొండంతా మంచు కప్పుకుని ఉన్నప్పుడు. ఆ సంగతి ఎవరైనా గుర్తుచేస్తే, టీ గ్లాసు పక్కన పెట్టి, "మరి గొప్పంతా అందులోనే కదా ఉంది" అంటాడు.

పెద్దదైనా అది ఉత్త ముక్కు కాదు. మందుల ఫ్యాక్టరీకి పంట అమ్మే సహకార సంఘం పెట్టుకున్నాక, ఆరబెట్టే కొట్టాల్లో ఏ కట్ట ఏ రకమో, ఏది బూజు పట్టబోతోందో వాసన చూసి చెప్పే పని అతనికే ఇచ్చారు. కళ్ళు మూసుకుని నడిచేవాడు. ఖర్దాలా రకం దగ్గర ఆవాలు నూరిన ఘాటు, దాని వెనకే లారీ పొగ. అది మనిషిని పరుపుకి మేకు కొట్టినట్టు కూర్చోబెడుతుంది. నరాలు లాగేసే నొప్పులవాళ్ళు దాన్నే అడుగుతారు. పాకిస్తానా అనే రకానిది మిరియాలూ మాగిన ఖర్జూరమూ కలిపిన వాసన, నోటికేదీ సయించని రోగి చేత కూడా రెండో రొట్టె అడిగిస్తుంది. సముద్రం అవతలి నుంచి కొత్తగా వచ్చిన రకం ఇంకోటుంది. ఎండుగడ్డిలో జామపండు దాచినట్టుంటుంది, మూర్ఛలొచ్చే పిల్లల మందుకి పోతుంది. ఎంత పీల్చినా తలలో ఏమీ కదలదు. ఎప్పుడు చూసినా ఒకే మొహం కాబట్టి దానికి 'ఇమాంగారు' అని పేరు పెట్టాడు. ఒకసారి ఖర్దాలా మేసిన తన మేక పడుకుని లేచి, నేరుగా పొరుగింటి కుక్క దగ్గరికెళ్ళి పాత తగాదాకి క్షమాపణ చెప్పుకుందని కూడా చెప్తాడు. నిజమో కాదో కుక్కనే అడగాలి.

బెల్దియా దగ్గరికొచ్చేసరికి మాత్రం గొంతు తగ్గేది. బెల్దియా ఈ కొండ సొంత రకం. పొట్టి మొక్క, వాన తప్ప ఇంకేమీ అడగదు. ముందు దేవదారు చెక్క చిత్రిక పట్టిన వాసన, తర్వాత ఎండిన అంజూరాకు, అడుగున ఎక్కడో తేనె. అది మనిషిని పడేయదు. ముందు మాటని వదులు చేస్తుంది, ఆపైన ఆకలి పుట్టిస్తుంది, చివరికి చెయ్యి పట్టుకుని మంచం దాకా నడిపిస్తుంది.

అతని తల్లి ఫత్తూమని నడిపించింది అదే. ఆమెకి ఎముకల్లో రోగం వచ్చి, పక్క మీద ఒత్తిగిల్లడం కూడా నరకమైన చలికాలం అది. అప్పట్లో అయ్యాషి మీద గంజాయి కేసుంది. ఆ రోజుల్లో ఆ కొండ మీద వారెంటు లేని మగాణ్ణి వింతగా చూసేవాళ్ళు. సంతకి పోలేడు, బస్సెక్కలేడు, తల్లిని పట్నం ఆస్పత్రికి తీసుకుపోలేడు. భార్య రహ్మా బెల్దియా ఆకుని నెయ్యిలో కాచి, తేనె, బాదంపప్పు కలిపి, గోలీకాయంత ముద్ద చేసి అత్తగారి నోట్లో పెట్టేది. ఒకరోజు పొద్దున్నే ముసలమ్మ నవ్వుతూ, "ఒరేయ్, నొప్పి పక్కింటికి పోయిందిరా. పాపం వాళ్ళు" అంది. అయ్యాషి ఎన్నిసార్లు చెప్పినా ఆ మాటకి ఒక్క అక్షరం కూడా కలపడు. పోయేముందు ఆమె తలగుడ్డ కొంగు ముడి విప్పి, అందులోని బెల్దియా గింజలు కొడుకు చేతిలో పోసింది. వాటినే ఏటా చల్లుతూ, ఏటా మళ్ళీ జాడీ నింపుకుంటూ వచ్చాడు.

తర్వాత గంజాయి కేసులకి క్షమాభిక్ష వచ్చింది, ఆ తర్వాత పంటకి అనుమతీ వచ్చింది. కేసు కొట్టేశాక అయ్యాషి మొదటిసారి సంతకెళ్ళి ఏమీ కొనలేదు. పోలీసు ఠాణా ముందు అటొకసారి ఇటొకసారి నడుస్తూ, నడిచినప్పుడల్లా సలాం చెప్పాడు. చివరికి కాపలావాడే, "పెద్దాయనా, నీ సలాములు మాకు ఏడాదికి సరిపోతాయి, ఇంటికెళ్ళు" అన్నాడు. ఆ పూట నుంచి అయ్యాషికి ప్రతిదీ వరమే. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా దేవుడికి దణ్ణం పెట్టేవాడు, నిలబడాల్సొచ్చినా పెట్టేవాడు.

అంత కృతజ్ఞత పొంగుతున్న మనిషి చేతిలో జాడీ ఉంటే ఏమవుతుంది? సంఘం బెల్దియా వేద్దామనుకున్నప్పుడు ఊళ్ళో ఇంకెవరి దగ్గరా అచ్చమైన గింజ మిగల్లేదు. అందరూ ఎప్పుడో బయటి రకాలకి మళ్ళిపోయారు. సంఘం పెద్ద సఫియా, అయ్యాషికి వదిన, చనిపోయిన అన్న భార్య. ఎవరింట్లోనైనా గింజలున్నాయా అని ఆమె మీటింగులో అడిగింది. అయ్యాషి ఇంటికెళ్ళి జాడీ తెచ్చి, అందరి ముందూ గోనెపట్టా మీద బోర్లించాడు. ఇవి తన తల్లి గింజలనీ, కొండంతా చల్లుకోమనీ, అడుగున ఒక్కటి దాచుకున్నా తన పేరు మార్చేసుకుంటాననీ అన్నాడు. జాడీ తిరగేసి దాని వీపు మీద తట్టి మరీ చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అంతమందిలో ఒక్కరికీ గింజ దాచాలన్న ఆలోచన రాలేదు. ఎందుకొస్తుంది? ఆ కొండ మీద గింజని ఎవరూ పనిగట్టుకుని దాచి ఎరగరు, ఏటా పంటతో పాటు అదే వచ్చేది. చలికాలంలో బేసిను మూతికి పల్చటి బట్ట బిగించి, ఎండిన కొమ్మలు దాని మీద పరిచి, పైన దుప్పటి కప్పి రెండు కర్రలతో వాయిస్తారు. ఇల్లిల్లూ వాయిస్తుంటే కొండంతా పెళ్ళిలా మోగుతుంది. బంగారు రంగు పొడి కిందికి దిగుతుంది, గింజలు బట్ట మీద మిగులుతాయి. వాటిని ఊడ్చి జాడీలో పోసుకోవడమే.

కానీ మందుకి పోయే పంటలో గింజ ఉండకూడదు. వేసవి మొదట్లో పంటల ఆఫీసరు వచ్చి, పోతు మొక్కలు పూత విచ్చకముందే అన్నీ పీకేయాలన్నాడు. ఒక్క పోతు మిగిలి దాని పుప్పొడి గాలికి లేచిందా, ఆడ మొక్కలన్నీ గింజ పట్టేస్తాయి, ఫ్యాక్టరీ వాళ్ళు సరుకు వెనక్కి పంపేస్తారు. అందరూ బెల్దియా చల్లిన సంఘం వాలుమీదికెళ్ళి పీకడం మొదలెట్టారు. అయ్యాషి పీకిన ప్రతి మొక్కకీ ఒక వీడ్కోలు మాట చెప్తూ, జనాన్ని నవ్విస్తూ పీకాడు. ఆఖరి పోతు మీద చెయ్యి వేశాక నవ్వు ఆగిపోయింది. పోతు లేకపోతే గింజ లేదు. గింజంతా ఈ వాలు మీదే ఉంది. ఇంట్లో జాడీ బోర్లా ఉంది.

ఆ ఒక్కదాన్ని వేరు మట్టితో సహా పెళ్ళగించి, ఆలివ్ నూనె డబ్బాలో పెట్టి, తన జెల్లబా అంగీ కింద కప్పుకుని ఇంటికి తెచ్చి, డాబా మీద ఆరేసిన దుప్పట్ల వెనక నిలబెట్టాడు. రహ్మా ఏమిటది అంటే చుట్టం అన్నాడు. చుట్టం ఎన్నాళ్ళుంటాడు అంటే, తూర్పుగాలి రానన్నాళ్ళు అన్నాడు.

తూర్పుగాలి వస్తే డాబా మీది పుప్పొడి నేరుగా సంఘం వాలు మీదికే పోతుంది. అనుమతి లేనిచోట మొక్క పెంచితే పాత వారెంటు మళ్ళీ గుమ్మంలోకొస్తుంది. రెండూ అయ్యాషికి తెలుసు. పోతుకి తడిగుడ్డ చుట్టాడు, తలపాగా చుట్టాడు, అయినా నిద్రలేదు. రహ్మాతో మాత్రం, ఆ పోతు తన మాట వింటుందనీ, తాను అనుమతిస్తే తప్ప ఒక్క రేణువు కూడా వదలదనీ చెప్పేవాడు. టీ కొట్టు దగ్గర నోరు మెదిపేవాడు కాదు. మేకల ముచ్చట లేదు, ముక్కు ముచ్చట లేదు.

అదే అతన్ని పట్టించింది. మరిది అబద్ధం ఆడి ఇన్నాళ్ళయిందంటే ఏదో పెద్ద రోగమే అనుకుని, సఫియా బిస్సారా చారు గిన్నెతో చూడ్డానికొచ్చింది. అయ్యాషి డాబా మెట్లు దిగుతూ ఎదురయ్యాడు. ఆమె అతని మొహం కేసి చూసి, గిన్నె రహ్మా చేతికిచ్చింది.

"మరిదీ, నీ మీసానికి పసుపు ఎవరు పూశారు?"

అయ్యాషి మీసం తుడుచుకున్నాడు. వేలికి పసుపుపచ్చని పొడి అంటింది. పోతు ఆ పొద్దునే విచ్చుకుంది. పసుపు అనీ, రహ్మా వంట అనీ ఏదో చెప్పబోయాడు. సఫియా అప్పటికే పైకెక్కి దుప్పటి తొలగించింది.

"ఊరంతటి పంట తగలబెడతావా?" అంది.

"అమ్మ గింజలు అయిపోయాయి వదినా. జాడీ మొత్తం బోర్లించేశాను. దీన్ని కూడా పీకేస్తే మరి లేదు."

"ఆఫీసరుతో ఎందుకు చెప్పలేదు?"

"అందరి ముందూ జాడీ వీపు తట్టి చూపించానుగా. ఏ మొహంతో చెప్పను?"

తిట్ల కోసం తల వంచుకుని నిలబడ్డాడు. సఫియా డాబా మీద కూలబడింది. ఆ రోజు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది తనేననీ, సంఘం పెద్దగా గింజ మాట తనకైనా గుర్తు రావాల్సిందనీ నెమ్మదిగా అంది. మాటలైపోయాక లేచి, బిందెడు నీళ్ళు తెచ్చి పోతు నెత్తిన కుమ్మరించింది. తడిసిన పుప్పొడి ఎగరదు, ఎగిరినా పనికిరాదు; గింజకి ఇంకా విచ్చని మొగ్గలు చాలు. అటు పక్క, కొండ వెన్ను అవతల, తన పొలం చెక్క ఒకటి ఈ ఏడు బీడుగా ఉందనీ, దానికీ సంఘం అనుమతి ఉందనీ, చుట్టూ బార్లీ తప్ప ఏమీ లేదనీ చెప్పింది. పోతునీ, దానికి తోడు వాలు మీంచి నాలుగు ఆడ మొక్కల్నీ అక్కడ నాటితే గింజ పడుతుంది. చిక్కల్లా ఒకటే. అక్కడికి పోయే దారి సంఘం వాలు మధ్య నుంచి.

"పెళ్ళి పెట్టె ఎవరింట్లో ఉంది?" అంది రహ్మా.

పెళ్ళి పెట్టె అంటే పెళ్ళికూతుర్ని అత్తారింటికి పంపే చెక్క పెట్టె. లోపల పిల్ల, నాలుగు వైపులా బట్టలు దించేసి, కంచరగాడిద వీపు మీద కడతారు. దాని తెర ఎత్తే ధైర్యం దొంగక్కూడా ఉండదు. ఊరికంతటికీ ఉన్న ఆ ఒక్క పెట్టె సఫియా అటక మీదే ఉంది.

పొద్దున్నే మంచు తడి ఆరకముందే బయల్దేరారు. పెట్టె లోపల పోతు, ఒళ్ళంతా తడిగుడ్డలు. బయట ఎర్ర గీతల బట్టలు, పైన పూసల దుప్పటి. గాడిద రెండు పక్కల బుట్టల్లో, పిండివంటలున్నట్టు గుడ్డలు కప్పి, ఆడ మొక్కలు. సఫియా ముందు తాడు పట్టుకుంది, రహ్మా, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు డప్పు వాయించారు, నాలుకలాడిస్తూ కూతలు పెట్టారు. అయ్యాషి తెర కదలకుండా పెట్టెని పట్టుకుని నడిచాడు, ముక్కు సరిగ్గా తెర సందుకి ఆనుకుంది.

వాలు సగం ఎక్కాక పైనుంచి పంటల ఆఫీసరు జీపు దిగుతూ వచ్చింది. దారి ఇరుకు. ఆఫీసరు జీపు పక్కకి తీసి ఆపి, దిగి, పెళ్ళికూతురికి దారిచ్చి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడు అయ్యాషికి తుమ్ము వచ్చింది. తుమ్మితే తెర ఎగురుతుంది, తెర ఎగిరితే మరి చెప్పేదేముంది. పళ్ళు బిగించాడు. కళ్ళు ఎర్రబడ్డాయి, బుగ్గల మీద నీళ్ళు ధారకట్టాయి, భుజాలు అదిరాయి. ఆఫీసరు దగ్గరికొచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి, ఏ తండ్రికైనా ఈ రోజు తప్పదనీ, పిల్ల సుఖంగా ఉంటుందనీ ఓదార్చాడు. అయ్యాషి తలూపాడు. సఫియా తాడు లాగింది.

మొక్కలు నాటాక సఫియా ఆ మధ్యాహ్నమే ఆఫీసరు దగ్గరికెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆయన వచ్చి చెక్క చూశాడు, గట్టిగానే కోప్పడ్డాడు, ముందే చెబితే తానే చోటు చూపించేవాణ్ణి కదా అన్నాడు. ఓదార్చిన చెయ్యి ఇంకా నొప్పిగా ఉందని నవ్వాడు కూడా.

ఆ వేసవంతా అయ్యాషి రోజూ వాలు మీదికెళ్ళి, పూగుత్తుల్ని గోటితో విప్పి, గింజ కోసం భయంభయంగా వెతికాడు. కోతలో అంచు మొక్కలకి అక్కడక్కడా ఒకటీ అరా తప్ప ఎక్కడా లేదు. ఫ్యాక్టరీ సరుకు తీసుకుంది.

చలికాలంలో, అవతలి చెక్క నుంచి తెచ్చిన కొమ్మల్ని సఫియా ఇంట్లో బేసిను మీద పరిచి, దుప్పటి కప్పి, అయ్యాషి చేతికి కర్రలిచ్చారు. వాయించాడు. దుప్పటి తీసేసరికి బట్ట నిండా గింజలు, చారల చారలుగా, మెరుస్తూ. అయ్యాషి ఒకటి కొరికి, అలాగే నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. సఫియా మొదటి గుప్పెడు తన తలగుడ్డ కొంగున ముడేసుకుంది, రెండోది రహ్మా కొంగున ముడేసింది. మిగతావి జాడీకి.

"వదినా," అన్నాడు అయ్యాషి. అంత నోరున్నవాడికి కృతజ్ఞత చెప్పే ఆ ఒక్క మాట దొరకలేదు.

"సరేలే, టీ తాగు," అంది సఫియా.

ఆ మాట బాకీ అతను తనకు తెలిసిన పద్ధతిలోనే తీర్చుకుంటున్నాడు. టీ కొట్టు దగ్గర ఆ పెళ్ళి ఊరేగింపు కథ చెప్పినప్పుడల్లా సఫియా పెరుగుతూ పోతోంది. మొదట్లో గాడిదని తోలింది. తర్వాత గాడిద మొరాయిస్తే పెట్టెని తానే నెత్తిన పెట్టుకుంది. ఈ మధ్య ఎదురొచ్చిన తూర్పుగాలిని జుట్టు పట్టుకుని పక్కకి లాగి, పెళ్ళికూతురు పోయేదాకా అక్కడే నిలబెట్టిందట. సఫియా దారిన పోతూ విని, తల అడ్డంగా ఊపి పోతుంది గానీ, కాదని అనదు.

"మరి నువ్వేం చేశావయ్యా?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

"నేనా," అంటాడు అయ్యాషి, ముక్కు నిమురుకుంటూ. "తుమ్ము ఆపుకున్నాను. ఈ ముక్కుతో."