వదినా, చెమ్మ తగ్గింది

మా పిన్నికి కుట్టుమిషను మీద ఉద్యోగం పగటి పూటే. భయపడే ఉద్యోగం మాత్రం రాత్రింబవళ్ళూ ఉంటుంది.

"ఏమైనా అయితే?" అన్నది ఆమె ఊతపదం. ఇంటికి తాళం వేసి, వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి తాళం లాగి చూస్తుంది. లాగినందువల్ల వదులైందేమోనని మళ్ళీ వస్తుంది. మా బట్టల ఫ్యాక్టరీలో మరుగుదొడ్డికి వెళ్ళాలన్నా చీటీ తీసుకోవాలని రూలు పెట్టినప్పుడు గేటు ముందు బైఠాయిద్దామన్నాం. వద్దని చెయ్యెత్తింది పిన్ని ఒక్కతే. తీరా ఆ రోజు అందరికంటే ముందొచ్చి కూర్చుంది, గొడుగుతో, దూదితో, అదనంగా ఒక చెప్పుల జతతో. పరిగెత్తాల్సి వస్తే ఉన్న చెప్పులు తెగుతాయి కదా అని ఆమె వివరణ.

అలాంటి మనిషి చేతిలో అగ్గిపెట్టెంత తాబేలు పిల్లను పెట్టింది ఇస్త్రీ వదిన.

ఇస్త్రీ వదిన అదే ఫ్యాక్టరీలో ఆవిరి ఇస్త్రీ దగ్గర నిలబడి నిలబడి జుట్టు నెరిపించుకున్న మనిషి. పిలుపుకు వదినే గానీ చుట్టరికం లేదు. ఇంట్లో ఆమె, తాబేలు, అంతే. కడుపులో గడ్డ ఉంది, ఆపరేషన్ చేయకపోతే ప్రాణానికే ముప్పన్నారు డాక్టర్లు. ఆసుపత్రికి వెళ్తూ తాబేలు పెట్టెను పిన్ని ఒళ్ళో పెట్టి, "ఇంక ఇది నీదేనే," అంది. అక్కడ చేరాక గోడవైపు తిరిగి పడుకుంది. సంతకం పెట్టమంటే పెట్టదు. ఎందుకు పెట్టవంటే పలకదు. తిండి కూడా మానేసింది.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. ఒక చివర బల్బు, దాని కింద వేడి. రెండో చివర నీడ, చల్లన. మధ్యలో అది దాక్కోవడానికి బోర్లించిన డబ్బా, లోపల పరిచిన తడి నాచు. పైన మూత. లోపల వేడి కొలిచే ముల్లు ఒకటి, చెమ్మ కొలిచే ముల్లు ఒకటి. పక్కనే ఇస్త్రీ బట్టల మీద నీళ్ళు చిమ్మే సీసా. గాలి పొడిబారితే పిల్ల తాబేలు చిప్ప గుట్టలు గుట్టలుగా పెరుగుతుందట. చెమ్మ ఉండి వేడి తగ్గితే ఊపిరితిత్తులకు జలుబు పడుతుందట. ఆరినా ప్రమాదమే, తడిసి చల్లబడినా ప్రమాదమే. పిన్నికి ఇంతకంటే తగిన ప్రాణి సృష్టిలో దొరకదు.

వేడెక్కితే తప్పుకోవడానికి తాబేలుకు చల్లని మూల ఉండి తీరాలట. మా ఇస్త్రీ సెక్షన్లో మనుషులకు అలాంటి మూల ఎవరూ పెట్టలేదు. చెమ్మ కొలిచే ముల్లూ లేదు. ఉన్నా తిరిగి తిరిగి విరిగిపోయి ఉండేది.

ఇంట్లో ఫ్యాను బంద్ అయింది, చెమ్మ లాగేస్తుందని. తలుపు తెరిస్తే చలిగాలి, కిటికీ తెరిస్తే ఎండ. తాబేలును నానబెట్టే గోరువెచ్చని నీళ్ళను పిన్ని మోచేత్తో, ముంజేత్తో, చివరికి చెంపతో పరీక్షించేది. బస్సు నడిపి వచ్చిన బాబాయికి చన్నీళ్ళే మిగిలేవి. వచ్చే జన్మంటూ ఉంటే ఆ పెట్టెలోనే పుడతానని ఆయన చెమట తుడుచుకుంటూ నాతో మొరపెట్టుకున్నాడు.

ఇదంతా నవ్వుకోవచ్చు. నవ్వుకోలేనిది ఆ ఫోన్లు. పొద్దున పనికి వెళ్ళే ముందొకటి, సాయంత్రం రాగానే ఒకటి, మంచం మీదున్న ఆ మనిషికి. ముల్లు పడిపోయింది వదినా, ముల్లు ఎక్కిపోయింది వదినా, కళ్ళు తెరవడం లేదు, ముక్కులో బుడగ కనిపిస్తోంది, ఇప్పుడేం చెయ్యను. వార్డులో పక్క మంచాల వాళ్ళే విసుక్కుంటున్నారని విన్నాను. ఒకావిడ చావుబతుకుల్లో ఉంటే తాబేలు జలుబేమిటని గట్టిగా అడగడానికే ఆ సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి బాబాయి మూత ఎత్తబోతున్నాడు. పిన్ని తల తిప్పకుండానే ఆపింది. "మొత్తం తియ్యకండి. వేలెడు సందు చాలు. చెమ్మ ఎనభై ఉంది, బల్బు కింద ముప్పై మూడు, ఆ చివర ఇరవై ఆరు. ఏం ముట్టుకోనక్కర్లేదు."

అంత నిబ్బరంగా మాట్లాడే పిన్నిని నేనెప్పుడూ చూడలేదు. మరుక్షణం ఫోన్ తీసింది. గొంతు వణికించింది.

"వదినా, చెమ్మ నలభైకి పడిపోయింది. బల్బు తీసేసి బకెట్టు నీళ్ళు పోసెయ్యనా?"

నేను పెట్టెలోకి చూశాను. ముల్లు ఎనభై మీదే ఉంది. తాబేలు ఆకు నములుతోంది. పిన్ని నా నోటికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

అవతలి నుంచి వదిన గొంతు గది దద్దరిల్లేలా వినిపించింది. "చల్లనీళ్ళు పోస్తే చస్తుందే మొద్దుదానా. నాచు మాత్రం తడుపు. బల్బు జోలికి పోకు."

పిన్ని ఫోన్ పెట్టేసి పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. ఎందుకీ అబద్ధాలని అడిగాను.

"నాకు బాగా వచ్చేసిందని చెప్తే, ఆవిడకి తిరిగొచ్చే పనేముందే?" అంది.

ఆ మర్నాడు పొద్దున పిన్ని, వేడి చాల్లేదు కాబట్టి తాబేలును కాసేపు ఇస్త్రీ పెట్టె మీద కూర్చోబెడదామనుకుంటున్నానని వదినకు ఫోన్లో చెప్పింది. వదిన నర్సును కేకేసిందట. ఈవిడ చేతిలో అది బతకదు, ఆ కాగితమేదో ఇలా తెండి, త్వరగా కోసి పంపించండి, ఇంటి దగ్గర పనుందని గోల చేసి సంతకం పెట్టిందట.

ఆపరేషన్ రోజు ఇద్దరం ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం. ఏమైనా అయితే అని పిన్ని ఎప్పుడంటుందా అని చూశాను. ధైర్యం చెప్పడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె అనలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడింది, మూసుకున్నప్పుడల్లా కూర్చుంది. నా మణికట్టును ఆమె ఎంత గట్టిగా పట్టుకుందంటే నా వేళ్ళు మొద్దుబారాయి. ఆ ఒక్క మాట నోటికి రాకపోవడంతో నాకూ భయం పట్టుకుంది.

చివరికి మంచం బయటికి తెచ్చారు. బాగానే జరిగిందన్నారు. వదిన సగం కన్ను తెరిచి, పెదవులు తడుపుకుని, "చెమ్మ ఎంత?" అంది.

పిన్ని ఆ పొద్దున పెట్టె వైపే చూడకుండా వచ్చేసింది. గబగబా బాబాయికి ఫోన్ కలిపింది. ఆయన పెట్టె దగ్గరికి వెళ్ళి ముళ్ళు చదివి చెప్పాడు. మొదటిసారి పిన్ని ఉన్నదున్నట్టు అప్పజెప్పింది.

"ఎనభై వదినా. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆకు కూడా తింటోందట."

వదిన కళ్ళు మూసుకుంది.

"మీకెవరికీ ముల్లు చదవడం కూడా రాదే," అంది. "దాన్నెవరూ ముట్టుకోవద్దని చెప్పు. నేనొస్తున్నా."