జడ ఉన్న ఫోటో

మా అమ్మ తప్పిపోయి పన్నెండేళ్ళయింది. ఇన్నేళ్ళలో నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువగా మిగిలింది. ఎవరైనా ఇంటికొచ్చి "ఏం జేస్తాము పాపా, కర్మ" అంటే లేచి లోపలికి వెళ్ళిపోతాను, నా నోరు మంచిది కాదని నాకే తెలుసు కాబట్టి. ఇందులో కర్మ చేసిందేమీ లేదు. ఒక ఫోటో చేసింది. ఆ ఫోటో కావాలని అడిగినవాడి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. తెచ్చి ఇచ్చిన చెయ్యి మాత్రం నాదే.

మాది ఏర్పేడు దగ్గర పల్లె. నేను శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో చేరిన ఏడాదే అమ్మకు పక్షవాతం వచ్చింది. మూతి ఒక పక్కకు లాగేసింది. కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. కొన్నాళ్ళకు నడక వచ్చింది గానీ మాట రాలేదు. మనం చెప్పేదంతా అర్థమయ్యేది. తనకు కావలసింది ఎడమ చేత్తో చూపించేది, అది మనకు అర్థం కాకపోతే విసుక్కునేది. ఆ ఏడాదంతా పొద్దున్నే ఆమెకు తల దువ్వి జడ వేసింది నాయనే. ఆమె లేచి నడిస్తే తలనీలాలు ఇప్పిస్తానని కొండకు మొక్కుకున్నదీ ఆయనే. "మొక్కు నీది, జుట్టు ఆమెదా?" అని నేను దెప్పితే అమ్మ నవ్వింది. నడుము దాకా ఉన్న జడను ముందుకు వేసుకుని రెండు వేళ్ళతో కత్తిరించినట్టు చూపించింది. ఆమెకు ఇష్టమే.

కొండ మీద గుండు చేయించుకుని బయటికి వచ్చాక తలకు గంధం పూసి, నా ఫోన్లో ఒక ఫోటో తీశాను. అందులో కొత్త తలను తడుముకుంటూ సిగ్గుపడుతోంది. దర్శనమయ్యాక కిందికి దిగి తిరుపతి బస్టాండులో మా బస్సు కోసం కూర్చున్నాం. నాయన నీళ్ళ బాటిల్ కోసం పోయాడు. బస్సు ఎన్ని గంటలకో అడగడానికి నేను విచారణ కౌంటరు దగ్గరికి వెళ్ళాను. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. తిరిగొచ్చేసరికి బెంచీ మీద మా సంచి ఉంది, అమ్మ లేదు.

సాయంత్రం దాకా బస్టాండంతా గాలించి పోలీసు స్టేషనుకు పోయాం. ఫిర్యాదు రాసుకునే రైటరు నాయన్ను అడిగిన మొదటి మాట, "ఇంట్లో ఏమన్నా గొడవ పడినారా?"

"లేదు సామీ. మొక్కు తీర్సుకోను వచ్చినాము," అన్నాడు నాయన.

"చెయ్యి చేసుకున్నావా ఏమన్నా?"

నాయన తల అడ్డంగా ఊపాడు. పెళ్ళానికి జడ వేసిన మనిషి ఆ బల్ల ముందు దొంగలాగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మధ్యలో దూరి నా ఫోన్ తీసి గుండు ఫోటో చూపించాను.

రైటరు చూసి నవ్వాడు. "గుండు ఫోటో యాడ పనికొస్తాది పాపా? ఈ ఊర్లో యాడ సూసినా గుండ్లే. ఒక్కొక్కరిని ఆపి అడగతామా? జుట్టుండే ఫోటో తే, మొగం బాగా కనపడేది."

"ఇప్పుడు ఆమెకు జుట్టు లేదు గదా సార్."

"పెరగదా ఏంది?"

పెరుగుతుంది, నిజమే. ఆయన మాటలో తప్పు నాకు ఆ క్షణంలో దొరకలేదు. తిరుపతిలో బతికేవాళ్ళకు గుండు కంటికి ఆనదు. ఇంట్లో మా మేనత్త కూడా ఆయనకే వంత పాడింది. "ఆడమనిషి గుండు ఫోటో గోడల మీద అంటిస్తారా ఎవురైనా? రేప్పొద్దున ఆమె వస్తే మనల్ని తిట్టదా?" అంది. మరుసటి రోజు మా చిన్నమ్మ పెళ్ళిలో తీసిన అమ్మ ఫోటో తీసుకుపోయి ఇచ్చాను. అప్పటికే అది పదేళ్ళ కిందటిది. బొద్దు మొహం, వంకర లేని మూతి, భుజం మీంచి ముందుకు పడిన జడ, జడ నిండా కనకాంబరాలు. దాని కింద "మాట సరిగా రాదు" అని ఒక్క ముక్క రాశారు. గుండు అని కూడా రాయమన్నాను. ఫిర్యాదులో ఉండాది గదా అన్నారు. ఫిర్యాదు ఫైల్లో ఉండిపోయింది, జడ ఉన్న కాగితం ఊళ్ళు తిరిగింది.

మేమూ అదే ఫోటోతో కాగితాలు వేయించాం. గుంపుతో పాటు మళ్ళీ కొండకే పోయి ఉంటుందని అందరూ అంటే, మెట్ల దారి పొడుగునా, రేణిగుంట స్టేషను గోడల మీదా అంటించాం. తెలివితక్కువతనంలో నా వాటా నేను దాచుకోను. కానీ నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. మనుషులను వెతకడం నా ఉద్యోగం కాదు.

మొదట్లో నెలకోసారి స్టేషనుకు పోయేదాన్ని. మనుషులు మారారు గానీ మాట మారలేదు. "తెలిస్తే మేమే ఫోన్ జేస్తాము." ఒకాయన బీరువాలో ఫైలు వెతకడానికి బద్ధకించి, ఏ చీర కట్టుకుందో మళ్ళీ మొదటి నుంచి నన్నే చెప్పమన్నాడు. ఇంకొకాయన గొంతు తగ్గించి, "తనంతట తానే ఇల్లిడిసి పోయిందని రాసియ్యి పాపా, నీకూ తిరిగే పని తప్పుతాది" అన్నాడు. నాకేదో మేలు చేస్తున్నట్టు చెప్పాడు ఆ మాట. నేను రాసివ్వలేదు.

ఊళ్ళో మాత్రం రాసిచ్చినట్టే అయిపోయింది. ఇష్టం లేకుండా జుట్టు తీయించాడని మొగుడి మీద అలిగి పోయిందట. నేను వినేటట్టే అనేవాళ్ళు. నేనూ ఊరుకోలేదు. వీధిలో ఇద్దరు ముగ్గురితో ఇప్పటికీ నాకు మాటల్లేవు. నాయన మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు, పెళ్ళిళ్ళకు పోవడం మానేశాడు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "ఆమెకు మనసులో లేకుండా తీయించినానేమో పాపా" అన్నాడు. నవ్వింది కదా నాయనా అన్నాను. ఆ నవ్వు ఆయనకు చాలలేదు. అమ్మ ఉందా పోయిందా అనేదాని కంటే, మమ్మల్ని వద్దనుకుని పోయిందా అనేదే ఆయన్ని తినేసింది.

ఫ్యాక్టరీలో నా పని సరిచూడటం. బల్ల మీద మాదిరి ముక్క ఒకటి ఉంటుంది. లైనులో వచ్చిన ప్రతి ముక్కనూ దానితో పోల్చి పంపాలి. అమ్మ తప్పిపోయిన అయిదో ఏడు ఒకసారి ఎవరో పొరపాటున పాత మాదిరి పెట్టారు. నేను మధ్యాహ్నం దాకా మంచి సరుకంతా ఏరి పక్కన పడేశాను. సంగతి తెలిశాక అక్కడే నిలబడి ఉండగా అమ్మ కాగితం గుర్తొచ్చింది. మర్నాడే సెలవు పెట్టి స్టేషనుకు పోయి ఫోటో మార్చమని అర్జీ ఇచ్చాను. ఒకసారి ఎక్కిన ఫోటో మార్చాలంటే పైనుంచి రావాలన్నారు. ఆ తర్వాత ఇంకో మూడుసార్లు ఇచ్చాను. పైనుంచి ఏదీ రాలేదు. గుండు ఫోటో పట్టుకుని నేనే తిరుపతి నుంచి చిత్తూరు దాకా ఉన్న ఆశ్రమాలన్నీ తిరిగాను.

పోయిన ఏడాది ఆ స్టేషనుకు ఒక కొత్త ఎస్సై వచ్చింది, నాకంటే చిన్నది. పాత మిస్సింగ్ కేసులు మళ్ళీ తెరుస్తూ మమ్మల్ని పిలిపించింది. ఫిర్యాదు మొత్తం చదివి తలెత్తి, "గుండుతో పోయినామెకు జడ ఫోటో ఎందుకు పెట్టినారు?" అంది. ఆ అమ్మాయికి దణ్ణం పెట్టాలనిపించింది, ఆ బల్ల ఎత్తి పడేయాలనీ అనిపించింది. ఈ ఒక్క ప్రశ్న తోచకుండా ఎంతమంది ఆ కుర్చీలో కూర్చుని లేచిపోయారో. ఆ ఎస్సై అమ్మ గుండు ఫోటోను అన్ని చోట్లకీ పంపిన ఎనిమిదో రోజున ఒక ఆశ్రమం నుంచి ఫోన్ వచ్చింది.

నాయుడుపేట అవతల, హైవే పక్కన, దిక్కులేనివాళ్ళను పెట్టుకునే ఆశ్రమం అది. అప్పట్లో ఆ ఊరు నెల్లూరు జిల్లా. అయినా మా బస్సు దారే. నాయన్ను వెంటబెట్టుకుని పోయాను. మేనేజరు పాత రిజిస్టరు తెరిచాడు. అమ్మ తప్పిపోయిన తేదీ. తిరుపతి నుంచి వచ్చిన బస్సులో చివరి స్టాపు దాకా దిగకుండా కూర్చున్న ఆడమనిషి, గుండు, మాట లేదు. ఆ బస్సు ఏర్పేడు మీదుగానే వస్తుంది. మా కోసం ఆగకుండా అమ్మ ఇంటి బస్సే ఎక్కింది. ఎందుకు దిగలేకపోయిందో ఇక ఎవరూ చెప్పలేరు. మూడో ఏడు జ్వరంతో చనిపోయినట్టు అదే పేజీలో కింద ఉంది.

నాయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. అమ్మను చూసుకున్న ఆయమ్మ ఇంకా అక్కడే పనిచేస్తోంది. మంచినీళ్ళు తెచ్చిచ్చి తనే మొదలుపెట్టింది.

"పోలీసోళ్ళ కాయితం మాకూ వచ్చిందమ్మా. ఈ గోడకే అంటించినాము. దాంట్లో చూస్తే ఇంత జడ. ఈమెకేమో గుండు, మూతి వంకర. మాట రానోళ్ళు మా కాడ చానామంది ఉండారు. ఎట్లా తెలుస్తాది?"

"జుట్టు పెరగలేదా?" అని అడిగాను.

"పేలు పడతాయని ఈడ అందరికీ నెలకోసారి తీసేస్తాము."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చెప్పింది. "రోజూ పొద్దున్నే ఆ కాయితం కాడికి పోయి నిలబడుకునేది. అన్నం తిన్నాక ఇంకోసారి. నా చెయ్యి పట్టి లాక్కొనిపోయేది. వేలు కాయితం మీద పెట్టి, మళ్ళా తన ఎద మీద పెట్టుకునేది. జడ కావాలంటాంది, పూలు అడగతాంది అనుకుంటిమి. పూలు తెచ్చిస్తే ఇసిరి కొట్టింది. ఆ కాయితం చినిగిపోయినాక గూడా ఉత్త గోడనే సూపిస్తా ఉన్నింది."

"ఎన్నాళ్ళు?" అన్నాడు నాయన.

"మంచాన పడేదాకా."

వద్దనుకుని పోయిన మనిషి అలా చేస్తుందా? ఇంటికి పోవాలని రోజుకు రెండుసార్లు, రెండేళ్ళకు పైగా, ఎదుటివాళ్ళ చెయ్యి పట్టి లాగి మరీ చెప్పింది మా అమ్మ. తన ఫోటోను తానే వేలు పెట్టి చూపించింది. పోలీసులకు తట్టనిది, ఆశ్రమానికి తట్టనిది, మాట లేని ఆ మనిషికి మొదటి రోజే తెలుసు.

రిజిస్టరు ఇంకా నా ముందే తెరిచి ఉంది. అమ్మ పేజీలో చివరి గడిలో "ఎంత అడిగినా వివరాలేమీ తెలుపలేదు" అని రాసి ఉంది. ఆ మాట కొట్టెయ్యమన్నాను. రికార్డు దిద్దకూడదమ్మా అన్నాడు మేనేజరు. బల్ల మీది పెన్ను తీసుకున్నాను. ఆయన రిజిస్టరు లాక్కోబోయాడు. నాయన లేచి వచ్చి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"కొట్టెయ్ పాపా," అన్నాడు.