భుజానికి రెండో ఫొటో

తెలంగాణ కోసం ఉద్యోగులందరూ సమ్మెకు దిగిన రోజులవి. జనగామ సర్కారు దవాఖానలో ఎక్స్‌రేలు తీసేవాణ్ని నేను. టెంటు కింద నినాదాలిస్తూ, అత్యవసరమైన కేసు వస్తే లోపలికి పరుగెత్తేవాణ్ని. భూపాలపల్లి బొగ్గుబాయిల్లో కూడా పని ఆగిందని తెలిసినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. బొగ్గు లేక కరెంటు పోతుంటే అందరికంటే ఎక్కువ తిట్టుకున్నదీ నేనే.

ఒక మధ్యాహ్నం చిల్పూర్ దగ్గరి తండా నుంచి ఒక లంబాడా అవ్వను ఆమె భర్త తీసుకొచ్చాడు. ముందురోజు ట్రాక్టరు దిగుతూ పడిందట. కుడిచేయి కడుపుకు అతుక్కుపోయినట్టుంది. ఎదురుగా నిలబెట్టి ఒక ఫొటో తీశాను. డ్యూటీ డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి చూశాడు.

"బొక్క మంచిగనే ఉంది. గోలీలు రాసిస్త, పంపియ్యి."

"సార్, చెయ్యి బయటికి తిరుగుతలేదు. బొక్క ఎనుకకు జారితే ఎదురు ఫొటోల కనపడది. పక్కకెల్లి ఇంకోటి తీస్త."

"ఉన్నయే నాలుగు ఫిల్ములు. నీ ఇష్టం."

ఆ మాటకే ఒళ్లు మండింది. గదిలోకి వెళ్తే అంతకు మించిన తంటా. అవ్వకు తెలుగు సరిగా రాదు. భుజం ప్లేటుకు ఆనించి, వీపు కొంచెం నావైపు తిప్పి నిలబడాలి. "జర తిరుగవ్వా" అంటే, ముసలాయన వాళ్ల భాషలో ఏదో చెప్పేవాడు. ఆమె గిర్రున తిరిగి నాకెదురుగా నిలబడేది. సరిచేసి, బటన్ నొక్కడానికి అడ్డుగోడ వెనక్కి వెళ్తే, నేనెటు పోయానోనని తిరిగి చూసేది. నాలుగోసారికి అంతా కుదిరింది. బటన్ మీద వేలు పెట్టానో లేదో, కరెంటు పోయింది.

"థూ! గిదేం నౌకరి!" అని అరిచాను.

ముసలాయన బెదిరిపోయాడు. "మమ్ములనా సారూ?"

"మిమ్ముల గాదు తాతా, కరెంటును."

గంటన్నర కూర్చున్నాం. ఆయన మూట విప్పి నాకూ ఒక జొన్నరొట్టె ఇచ్చాడు. పొద్దటి నుంచి నేనేమీ తినలేదు, కోపంగానే తిన్నాను.

కరెంటు వచ్చాక మాటలు మానేసి, నేనే ప్లేటు దగ్గర ఎలా నిలబడాలో నిలబడి చూపించాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత అచ్చం అలాగే నిలబడింది.

తడి ఆరని ఫిల్మును డాక్టరు ముందు పెట్టాను. భుజం గిన్నెలోంచి బొక్క వెనక్కి జారి ఉంది. ఆయన చాలాసేపు చూసి, "నువ్వన్నదే నిజం" అన్నాడు.

మత్తిచ్చి, చేయి లాగి, బొక్కను గిన్నెలో కూర్చోబెట్టాడు. మెలకువ రాగానే అవ్వ ఆ చేత్తోనే ముఖం తుడుచుకోబోయింది.

"కదపకవ్వా!" అని డాక్టరూ నేనూ ఒక్కసారే అరిచాం.