పాలు మానిన బిడ్డ కీర్తన

నాకు అక్షరాలు వచ్చింది మనవరాలు పుట్టిన తర్వాతే. మదనపల్లెలో మా చర్చి వెనక గదిలో, ఆదివారం ఆరాధన అయ్యాక నేర్పేవాళ్ళు. అంతకుముందు కీర్తనలన్నీ నా చెవిలోనే ఉండేవి. వాటిని పుస్తకంలో చూస్తుంటే, ఎన్నాళ్ళుగానో గొంతు మాత్రమే విన్న మనిషి ఎదురుగా వచ్చి కూర్చున్నట్టుండేది.

ఒకసారి స్త్రీల కూటంలో చదివే వంతు నాకు వచ్చింది. కొత్తగా నేర్చినదాన్నని చిన్న కీర్తన ఇచ్చారు. పాలు మాన్పించిన బిడ్డ తల్లి దగ్గర ఎలా ఉంటుందో, తన మనసు దేవుడి దగ్గర అలా ఉందని ఎవరో చెప్పుకున్న పాట. పైన చిన్న అక్షరాల్లో, రాసింది ఈయనే అన్నట్టు, పాతకాలపు రాజు పేరుంది. దాన్నీ కూడబలుక్కుని చదివాను.

పక్కనున్న ముసలామె ఊరుకోలేదు.

"రాజా? ఆయప్ప యాడ పాలు మాన్పించినాడు మే! ఇది ఎవురో ఆడమనిసి పాట."

అందరూ నవ్వారు. పాస్టరమ్మ కూడా నవ్వింది. పేరున్నంత మాత్రాన ఆయనే రాశాడని కాదనీ, ఆయన కోసం ఇంకెవరైనా రాసి ఉండొచ్చనీ, బైబిలు మొదట రాసిన హెబ్రీ భాష చదివిన పెద్దలే తేల్చలేకపోయారనీ చెప్పింది.

ఆ వారమే కుప్పం నుంచి కూతురు ఫోన్ చేసింది. అక్కడ ఆసుపత్రిలో నర్సు.

"రామ్మా. పాప నా తావకే రాదు."

బస్సు పుంగనూరు దాటాక కునుకు పట్టింది. కిటికీలో టమోటా తోటలు, వాటి మీదుగా ఏదో తెలియని దేశం. రాతిగోడ నీడలో ఒకామె బిడ్డను పెట్టుకుని పాడుతోంది. ఆమెకూ అక్షరాలు రావు. దారిన పోయేవాళ్ళు ఆ పాట విని నేర్చుకుపోయారు. అది నోటి నుంచి నోటికి నడిచి నడిచి రాజు ఇంటికి చేరింది. ఆమెకు ఆ సంగతే తెలియదు, పాడుతూనే ఉంది. వి.కోటలో ఎవరో శెనక్కాయల గంప నా కాళ్ళ మీద దించేదాకా నేను వింటూనే ఉన్నాను.

కూతురు మళ్ళీ డ్యూటీలో చేరాలి, అందుకే పాపకు పాలు మాన్పించాలనుకుంది. మా ఇళ్ళలో అందరూ చేసేదే, వేపాకు నూరి రొమ్ముకు రాసుకుంది. పాప నోరు పెట్టి, ఉమ్మి, తల్లి మొహంలోకి చూసిందట. అప్పటి నుంచి తండ్రి భుజం దిగలేదు.

"ఏడ్సింటే బాగుండుమ్మా. ఊరికే అట్ల సూసింది. ఇంక నన్ను నమ్మదేమో."

"నువ్వూ నన్ను అట్లే సూసినావు లేమే."

"మళ్ళా ఎట్ల వస్తిని?"

"పాల కోసరం కాదు, పని లేకుండా ఊరికే వస్తివి."

"ఇదీ బైబిల్లో సదివినావా?" అంది, కళ్ళు తుడుచుకుంటూనే ఎగతాళిగా.

చదివానన్నాను. సంచిలోంచి పుస్తకం తీసి, ఆ కీర్తన మీద వేలు పెట్టి చూపించాను. తను వంగి రెండుసార్లు చదువుకుంది.

"ఇది పాలు తాగే బిడ్డ పాటనుకుంటిని గదమ్మా! పాలిచ్చేటప్పుడంతా ఇదే పాడతాంటిని."

మా వాళ్ళంతా అలాగే అనుకుంటారు. కానీ పాలు తాగే బిడ్డ ఒడిలో వెతుక్కుంటుంది. మానిన బిడ్డ ఊరికే కూర్చుంటుంది. ఆ రెంటికీ నడుమ ఇలాంటి రోజులు గడిపినవాళ్ళే ఎవరో ఈ పాట కట్టి ఉంటారు.

మర్నాడు మధ్యాహ్నం పాప తండ్రి చేత్తో అన్నం తిని, మూతి కూడా కడిగించుకోకుండా గదిలోకి వచ్చింది. తల్లి ఒడిలోకి ఎక్కి, ఆమె రొమ్ముకు వీపు ఆనించి, వాకిలి వైపు చూస్తూ కూర్చుంది. ముట్టుకుంటే లేచిపోతుందేమోనని నా కూతురు చెయ్యి గాలిలోనే ఆపేసింది.

పాప ఆ చేతిని కిందికి లాగి తన పొట్ట మీద వేసుకుంది.